తుఫానులు తక్కువైన సంవత్సరము – మన చెరువు సంగతి

బంగాళాఖాతమున తుఫాను లేచినదని రేడియోలో చెప్పగానే కృష్ణా, గోదావరి డెల్టాలలోని రైతు కోతకు వచ్చిన వరిచేనును తలచి దిగులుపడును. అదే మాట విన్న చిలమత్తూరు రైతు మాత్రము తూర్పు దిక్కున మబ్బు ఏమైన కనబడునా యని చూచును. ఒకే సముద్రము; ఒకరికి భయము, మరియొకరికి ఆశ. కావుననే "ఈ సంవత్సరము సముద్రము ప్రశాంతముగా నున్నది, తుఫానులు తక్కువ" అని పత్రికలు వ్రాసినప్పుడు తీరమందలి వారు ఊరట చెందుదురు. మన ప్రాంతమున రచ్చబండ మీద కూర్చున్న వారు పంచాయతీ సభ్యులను అడుగు ప్రశ్న వేరు: "అట్లయిన ఈ యేడు చెరువు నిండదా?"

ఈ ప్రశ్నకు ఔననిగాని కాదనిగాని తొందరపడి చెప్పరాదు. ఎందుకు చెప్పరాదో వివరించుటకే మేము ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మన వాన ఎక్కడిది?

చిలమత్తూరు మండలము 2022 ఏప్రిల్ వరకు అనంతపురము జిల్లాలో నుండెను. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. జిల్లా పేరు మారినదిగాని వాన తీరు మారలేదు. సమీపముననున్న హిందూపురము సముద్రమట్టమునకు 621 మీటర్ల ఎత్తున నున్నది. పడమటి నుండి వచ్చు ముంగారు మేఘములు తమ నీటిలో పెక్కు భాగమును పడమటి కనుమల ఆవలి వైపుననే కురిసి, తేలికపడి మన మీదుగా సాగిపోవును. తూర్పు సముద్రమందుమా, అది 250 కిలోమీటర్లకు పైగా దూరము. నడుమ తూర్పు కనుమల కొండలున్నవి. అందుచే హింగారు వానలును మన పొలిమేరకు చేరునప్పటికి చిక్కిపోవును. ఇరువైపుల నుండియు పంక్తిలో చివర కూర్చున్నవారము మనము.

అవిభక్త అనంతపురము జిల్లాలో సాధారణముగా ఏటికి పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇందు జూన్ నుండి సెప్టెంబరు వరకు పడునది సుమారు 338 మి.మీ.; అక్టోబరు నుండి డిసెంబరు వరకు సుమారు 156 మి.మీ.; తక్కినది వేసవి జల్లులు. అంకెను మాత్రము చూచినవారు హింగారును చిన్న వానగా భావింతురు. ఇది పొరపాటు. జూన్, జూలై మాసములలో ఎండి నెఱ్ఱెలు వారిన నేలపై పడిన వాన నేలలోనే ఇంకిపోవును. మిగిలినది వేరుసెనగ, రాగి పైరులు త్రాగును. చెరువుకు వచ్చునది స్వల్పము. సెప్టెంబరు వానలతో నేల కొంత తడిసిన పిమ్మట, చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో పడిన వాన నిలువలేక వంకలలో పారి చెరువునకు చేరును. ఈ ప్రాంతమున చెరువులు చాలవరకు నిండినది ఈ కార్తెలలోనే. మరుసటి వేసవిలో త్రాగునీటి బోర్లలో నీరుండునా, ట్యాంకరు కొఱకు బిందెలు వరుసలో నిలుచునా యన్నది ఈ మూడు కార్తెలను బట్టి యుండును.

హంద్రీ-నీవా కాలువలో వచ్చు కృష్ణనీటి మాట వేరు. అది పడమటి కనుమలలో ముంగారునందు కురిసిన వాన. బంగాళాఖాతపు తుఫానులతో దానికి సంబంధము తక్కువ. ఆ కాలువ అందని చెరువుల గూర్చియే మేము ఇచట చెప్పుచున్నాము.

లెక్కలో చేరునవి, చేరనివి

పత్రికలలో "తుఫానుల సంఖ్య" అని వ్రాయు లెక్క గాలిని బట్టి వేసినది, వానను బట్టి వేసినది కాదు. ఈ ఒక్క సంగతి తెలిసికొన్న సగము పాఠము తెలిసినట్లే.

సముద్రముపై గాలి సుడి తిరుగ నారంభించి, దాని వేగము గంటకు 31 కిలోమీటర్లకు లోపుగా నున్నంతవరకు అల్పపీడనమందురు. 31 నుండి 49 వరకు వాయుగుండము. 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 కిలోమీటర్లు చేరిన పిదపనే అది తుఫాను. అప్పుడే దానికి పేరు పెట్టుదురు. 89 చేరిన తీవ్ర తుఫాను. అటుపైన ఇంకను పెద్ద తరగతులున్నవి. మన సముద్రములందలి తుఫానులకు పేరు పెట్టు పద్ధతి 2004లో మొదలైనది. "సైక్లోన్" అను ఇంగ్లీషు మాటయే మన దేశమున పుట్టినది. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను నతడు పాము చుట్టను సూచించు గ్రీకు పదము నుండి దానిని కల్పించి 1848లో తన గ్రంథమున వాడెను.

హిందూ మహాసముద్రపు ఉత్తర భాగమున, అనగా బంగాళాఖాతము, అరేబియా సముద్రము రెండును కలిపి, సగటున ఏటికి ఐదు తుఫానులు పుట్టును. వానిలో నాలుగు బంగాళాఖాతమున, ఒకటి అరేబియా సముద్రమున అని చాలకాలముగా చెప్పుచు వచ్చిరి. ఈ నిష్పత్తి అన్నివేళల నిలువదు: 2019లో ఎనిమిది తుఫానులు రాగా అందైదు అరేబియా సముద్రమువే. మఱియు 2012 వంటి సంవత్సరములు కలవు. ఆ యేడు రెండు సముద్రములలోను కలిపి తుఫాను స్థాయికి చేరినవి రెండే, బంగాళాఖాతమున ఒక్కటే.

అల్పపీడనములును, వాయుగుండములును ఈ లెక్కలో చేరవు. మన చెరువునకు వాటితోనే ఎక్కువ పని.

వేడి సముద్రము ఊరకుండుటకు కారణము

తుఫానునకు ఆహారము వేడి నీరు. సముద్రపు పైనీరు కొన్ని పదుల మీటర్ల లోతు వరకు 26.5 డిగ్రీల సెంటిగ్రేడు మించి యుండవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అక్టోబరు, నవంబరులలో బంగాళాఖాతము అంతకంటె వేడిగానే యుండును. అట్లయిన ప్రతి సంవత్సరము తుఫానులు వరుసగా రావలెను గదా?

రావు. ఎసరు కాగినంత మాత్రమున అన్నము కాదు. వేడి నీటి నుండి లేచిన ఆవిరి నిలువుగా పైకి పోయి, ఒక స్తంభము వలె నిలిచినగాని సుడి బలపడదు. ఇటుకబట్టీ పొగను చూడుడు. గాలి లేని ఉదయమున అది తిన్నగా పైకి లేచును. గాలి వీచినప్పుడు ఒక ప్రక్కకు ఒరిగి చెదరిపోవును. సముద్రముపైనను అంతే. క్రింది గాలి ఒక దిక్కునకు, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పై గాలి వేరొక దిక్కునకు బలముగా వీచినచో స్తంభము నడుమ విరిగిపోవును. జూలై, ఆగస్టు మాసములలో సముద్రము వేడిగానే యున్నను పెద్ద తుఫానులు అరుదగుటకు ముఖ్య కారణమిదియే. అప్పుడు క్రింద పడమటి గాలి, పైన తూర్పు గాలి బలముగా వీచుచుండును. అందుచే ఆ నెలలలో వాయుగుండములు పుట్టునుగాని తుఫానులుగా ఎదుగుట తక్కువ. కావుననే మన తుఫాను ఋతువులు రెండు: ఏప్రిల్ నుండి జూన్ వరకు ఒకటి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు రెండవది.

గాలులు కుదిరినను, ఉత్తర భూభాగము నుండి పొడిగాలి వచ్చి చేరిన సుడి నీరసించును. వేల కిలోమీటర్ల దూరముననున్న పసిఫిక్ మహాసముద్రపు వేడిమి కూడ మన గాలులను మార్చును. ఆ సముద్రపు నడిమి, తూర్పు భాగములు వేడెక్కిన యేటిని ఎల్‌నినో అనియు, చల్లబడిన యేటిని లానినా అనియు అందురు. ఎల్‌నినో ముంగారును తరచుగా దెబ్బతీయును. అయితే దక్షిణమున హింగారునకు అనేక పర్యాయములు మేలు చేసినది. 2015లో చెన్నై, నెల్లూరు ప్రాంతములను ముంచిన వానలు అట్టి యేటివే. లానినా యేటిలో బంగాళాఖాతమున తుఫానులు బలపడుటకు అనుకూలము ఎక్కువ; హింగారు మాత్రము పలుమారులు తగ్గును. కాని ఈ సూత్రమును పట్టుకొని పంచాయతీ బడ్జెటు వేసికొనరాదు. 2016, 2021 రెండు సంవత్సరముల చివరయు లానినా వైపుననే యుండినవి. ఆ రెండు హింగారులును ఎట్లు ముగిసినవో చూడుడు.

మూడు సంవత్సరముల సాక్ష్యము

2016లో బంగాళాఖాతమున నాలుగు తుఫానులు పుట్టినవి. అక్టోబరులో లేచిన క్యాంట్ ఆంధ్ర తీరము వైపు వచ్చి, తీరము చేరకముందే సముద్రముపైననే నీరసించెను. డిసెంబరు 12న వర్దా చెన్నై వద్ద తీరము దాటి ఆ నగరమున చెట్లను కూల్చివేసెను. ఇన్ని తుఫానులున్నను ఆ హింగారు తమిళనాడున శతాబ్దమునకు పైగా చూడనంతటి దారుణముగా విఫలమైనది. రాయలసీమకును వాన అందలేదు.

2018లో రెండు సముద్రములందును కలిపి ఏడు తుఫానులు. అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రాంతమున కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టము చేసెను. నవంబరు 16న గజ తమిళనాట వేదారణ్యము వద్ద దాటెను. డిసెంబరు 17న పెథాయ్ తూర్పు గోదావరి తీరమును తాకెను. ఆ హింగారున రాయలసీమలో పడిన వాన సాధారణముకంటె చాల తక్కువ. తీరము మూడు దెబ్బలు తిన్నది. మన చెరువులు నోరు తెరచికొనియే యున్నవి.

ఇక 2021. ఆ యేడు అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతమున పేరు పెట్టదగిన తుఫాను ఒక్కటే, జవాద్. అదియును డిసెంబరు మొదటి వారమున తీరము దాటకయే బలహీనపడెను. తుఫానుల లెక్క మాత్రము చూచినవారు దానిని ప్రశాంతమైన ఋతువనియే వ్రాయవలెను. కాని నవంబరు 11న ఒక వాయుగుండము చెన్నై వద్దను, నవంబరు 19 తెల్లవారుజామున మరియొకటి పుదుచ్చేరి, చెన్నైల నడుమను తీరము దాటినవి. రెండింటికిని పేర్లు లేవు. రెండవది రాయలసీమ, కర్ణాటక దక్షిణ భాగముల వైపు సాగుచు మేఘములను కుమ్మరించెను. నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామములు కొట్టుకొనిపోయి పలువురు మరణించిరి. అదే దినమున మన చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తి వద్ద ప్రవాహము నడుమ చిక్కుకొన్న పదిమందిని భారత వాయుసేన హెలికాప్టరు వచ్చి రక్షించెను. గంటకు 50 కిలోమీటర్ల గాలి కూడ లేని వ్యవస్థ చేసిన పని ఇది.

మరుసటి సంవత్సరము అక్టోబరు 12న అనంతపురము నగరమున నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగినవి. ఆ దినమున బంగాళాఖాతమున తుఫాను ఏదియు లేదు. సిత్రాంగ్ ఆ నెల చివరి భాగమున లేచి బంగ్లాదేశ్‌కు పోయినది.

సంఖ్య కాదు, దారి

ఇట్లు జరుగుటకు కారణము సుడి నడచు దారి. మన సముద్రపు సుడిగాలి ఎడమవైపునకు, అనగా గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. తుఫాను ఒడిశాకో బంగాళమునకో పోవునప్పుడు మనము దాని పడమటి ప్రక్కన, బహుదూరమున నుందుము. ఆ ప్రక్కన గాలి ఉత్తర భూభాగము నుండి దక్షిణమునకు వీచును, అది పొడిగాలి. పైగా సముద్రపు తేమనంతయు సుడి తనవైపు లాగికొనును. కావున ఉత్తరమునకు మరలిన పెద్ద తుఫాను మనకు వాన నీయకపోవుటయే గాక, రానున్న హింగారును కూడ కొన్ని దినములు వెనుకకు నెట్టగలదు. అదే ఒక మోస్తరు వాయుగుండము నెల్లూరునకును పుదుచ్చేరికిని నడుమ తీరము దాటి, పడమటగా మెల్లగా నడచినచో తేమగాలి మన మీదుగా పోవును. మెల్లగా నడచుట ముఖ్యము. పరుగెత్తు తుఫాను కంటె కుంటుచు నడచు వాయుగుండము ఎక్కువ నీరిచ్చును.

వాతావరణ వార్తలు వినునప్పుడు పంచాయతీ సభ్యులు "ఎంత పెద్దది?" అని గాక "ఎక్కడ దాటును, ఎటు పోవును, ఎంత మెల్లగా పోవును?" అని వినవలెనని మేము కోరుచున్నాము. పేరు లేదు గనుక చిన్నదని ఉపేక్షింపరాదు.

ప్రశాంత సంవత్సరమను మాట తీరవాసులకును ప్రమాదకరమే. అమెరికాలో 1992వ సంవత్సరమున అట్లాంటిక్ తుఫానుల ఋతువు మిక్కిలి మందముగా నుండెను. ఆగస్టు నడుమ వరకు పేరు పెట్టదగిన తుఫాను ఒక్కటియు రాలేదు. మొదటగా వచ్చిన ఆండ్రూ ఫ్లోరిడా దక్షిణ భాగమును ధ్వంసము చేసెను. మన 2012లోను బంగాళాఖాతపు ఏకైక తుఫానైన నీలం అక్టోబరు 31న మహాబలిపురము వద్ద దాటి, దాని వానలు కోస్తా ఆంధ్రమున పంటలను ముంచెను.

ముందుముందు ఇట్టి సంవత్సరములు మరల మరల రావచ్చును. భారత ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారము 1951 నుండి 2018 వరకు ఉత్తర హిందూ మహాసముద్రమున తుఫానుల సంఖ్య తగ్గినది. అయితే 2000 తరువాత అతి తీవ్ర తుఫానులు పెరిగినవి. సంఖ్య తగ్గుట, బలము పెరుగుట రెండును ఒకేసారి జరుగుచున్నవి.

చిత్త కార్తెకు ముందు

ఒక చిన్న లెక్క చూతము. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడిన 4,047 లీటర్ల నీరగును. చెరువునకు ఎగువన 1,000 ఎకరముల పరీవాహక భూమి ఉన్నదనుకొందము. ఒక వాయుగుండము వలన 50 మి.మీ. వాన పడినచో ఆ భూమిపై పడిన నీరు 20 కోట్ల లీటర్లకు పైగా. అందు పదవ వంతు మాత్రమే వంకలో పారి చెరువు చేరినను రెండు కోట్ల లీటర్లు. రెండు వేల జనాభాగల గ్రామమునకు మనిషికి రోజునకు 55 లీటర్ల చొప్పున ఇది ఆరు నెలల నీరు. ఎండకు ఆవిరియగునది, నేలలో ఇంకునది తీసివేయవలెను, నిజమే. కాని ఇంకినది కూడ బోర్లకే చేరును గదా. రెండు దినముల వానలో ఆరు నెలల నీరున్నది. ఆ రెండు దినములు ఎప్పుడు వచ్చునో తెలియదు, ఒక్కొక్క యేడు ఒకే పర్యాయము వచ్చును. ఆనాడు వంకలో సర్కారు తుమ్మ పెరిగి, కాలువ పూడి, నీరు ప్రక్క చేలలోనికి మరలిపోయినచో ఆ యేటికి మరియొక అవకాశము లేదు.

అందుచే హస్త కార్తె ముగియులోపల, అనగా అక్టోబరు మొదటి వారమునకు, చెరువునకు నీరు తెచ్చు వంకలను, కాలువలను మొదటి నుండి చివర వరకు సభ్యులు స్వయముగా నడచి చూడవలెను. చెరువు పూడిక తీయుటకు చూపు ఉత్సాహము కాలువలు బాగుచేయుటకు చూపకపోవుట మేము అనేక గ్రామములలో గమనించితిమి. పూడిక తీసిన గుంత కంటికి కనబడును, ఫోటోకు బాగుండును, కాలువ కనబడదు. నీరు రాని చెరువు ఎంత లోతైనను ప్రయోజనమేమి? గ్రామీణ ఉపాధి పనులలో కాలువలకు ముందు చోటు ఇచ్చుట మంచిది. కాలువ గట్టును దున్ని కలుపుకొన్న రైతు తనవాడే అయినను సభ్యుడు ఆ మాట సభలో చెప్పక తప్పదు.

కట్ట విషయమున రెండు జాగ్రత్తలు. కట్టపై ఎలుక బొరియలు, చెట్ల వేళ్లు చేసిన రంధ్రములు చిన్నవిగా నున్నప్పుడే మట్టి కొట్టి గట్టిచేయవలెను. రెండవది మరవ. నీరెక్కువ నిలుచునను ఆశతో మరవపై మట్టిబస్తాలు వేసి ఎత్తు పెంచు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఇది మిక్కిలి అపాయకరము. వాతావరణశాఖ లెక్కలో 24 గంటలలో 64.5 మి.మీ. దాటినది భారీ వర్షము, 115.6 మి.మీ. నుండి అతి భారీ వర్షము, 204.4 మి.మీ. దాటినది అత్యంత భారీ వర్షము. మన హింగారు మొత్తము 156 మి.మీ. అని పైన చెప్పితిమి. అనగా ఒక్క అతి భారీ వర్షము మూడు నెలల వానను ఒక్క రాత్రిలో తెచ్చి పోయగలదు. ఆ రాత్రి మరవ మూసియున్న చెరువు తెగును. ఇచటి చెరువులు పెక్కు గొలుసుగా నున్నవి; పై చెరువు తెగిన క్రింది చెరువు నిలువదు. నీరుగంటికి ఒక టార్చిలైటు, పై గ్రామమునకును క్రింది గ్రామమునకును ఫోను చేయుటకు నంబర్లు వ్రాసిన కాగితము ఇచ్చుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

చిత్రావతి ఎగువ భాగము కర్ణాటకమున చిక్కబళ్ళాపురము జిల్లాలో నున్నది. మన ఊరిలో చినుకు పడకున్నను బాగేపల్లి ఎగువన పడిన వాన మన వైపునకు వరదగా రావచ్చును. జిల్లా హెచ్చరికను మాత్రము నమ్మికొని యుండక, సరిహద్దు ఆవలి పంచాయతీ వారితో ముందుగనే మాట కలిపి యుంచుకొనవలెను.

వాన రాని పక్షమున? స్వాతి కార్తె ముగియునాటికి, అనగా నవంబరు మొదటి వారమునకు, చెరువులో పావు భాగము నీరైనను లేకున్నచో గ్రామసభ పెట్టుటకు అదియే సమయము. ఇంకను విశాఖ కార్తె యున్నదని, తుఫాను వచ్చుననియు ఎదురుచూచుట మానవస్వభావము. కాని డిసెంబరులో నిర్ణయించినచో ఆలస్యమగును. ఆ సభలో చెరువు క్రింద వరి వేయరాదని తీర్మానించి, ఉన్న నీటిని పశువులకును, బోర్ల ఊటకును విడిచిపెట్టవలెను. నేలలో కొద్ది తడి యున్నచోట్ల ఉలవ వేసికొనవచ్చును; పశువులకు మేతయైనను దక్కును. మల్బరీ తోటలున్నవారు వేసవి పంటకు ఎంత నీరు దొరకునో ముందుగనే తెలిసికొన్నచో పట్టుపురుగుల గ్రుడ్లు తెచ్చుకొనుటలో నష్టపోరు. ఇక వేరుసెనగ రైతుల సంగతి: కోత కాలమున వాయుగుండపు వార్త విన్నప్పుడు పెరికిన కట్టెను చేనిలో పరచి యుంచరాదు. చెరువు నింపు వానయే కట్టెను కుళ్ళబెట్టి కాయను మొలకెత్తించును.

చివరిగా వాన పుస్తకము. మండల కేంద్రమున వర్షమాపకము ఉన్నను పది కిలోమీటర్ల దూరముననున్న మన చెరువుపై పడిన వాన అది చెప్పదు. ప్రతి పంచాయతీయు ఒక వర్షమాపకమును చెట్టునకు, గోడకు దూరముగా బయలున నిలిపి, ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు కొలత తీసి పుస్తకమున వ్రాయించవలెను. వాతావరణశాఖవారు చూచు సమయము అదియే. 2.5 మి.మీ. గాని అంతకు మించిగాని పడిన దినమును వాన దినముగా లెక్కింతురు. బడి పిల్లలకు ఈ పని అప్పగించిన ఉత్సాహముతో చేయుదురు. తేదీ, మిల్లీమీటర్లు, ఆనాడు సముద్రమున అల్పపీడనమా, వాయుగుండమా, తుఫానా, అది ఎక్కడ తీరము దాటినది, వంక పారినదా, మరవ పారినదా అను వరుసలు ఆ పుస్తకమున నుండవలెను. ఏమియు లేని దినమున సున్న వ్రాయవలెనేగాని ఖాళీ విడువరాదు.

ఇట్లు ఐదారు సంవత్సరముల పుస్తకములు చేరిన పిదప, ఏ దారిన వచ్చిన వాయుగుండము తమ చెరువును నింపినదో ఆ పంచాయతీవారే చెప్పగలరు. సర్పంచి మారినప్పుడు తాళపుచెవులతోపాటు ఆ పుస్తకమును కూడ క్రొత్తవారికి అప్పగించి సంతకము తీసికొనవలెను.